పశునష్టానికి ప్రభుత్వ సాయం: పాల సంఘ సభ్యులు తెలుసుకోవలసిన సంగతులు

పెద్దేముల్ మండలంలో సంఘానికి పాలు పోసే ఒక మామూలు ఇంటి ఆస్తిని లెక్క వేస్తే, భూమి తర్వాతి స్థానం కొట్టంలోని బర్రెలదే. కంది పంట ఏడాదికి ఒక్కసారి డబ్బు చూపిస్తుంది. పాలు మాత్రం బిల్లు వచ్చినప్పుడల్లా చూపిస్తాయి. పిల్లల ఫీజు, కిరాణా ఉద్దెర, దాణా బస్తా, అన్నీ ఆ బిల్లు మీదనే నడుస్తాయి. అటువంటి బర్రె ఒక్క రాత్రి వానకు గోడ కూలి దాని కింద పడి చనిపోతే ఆ ఇంటికి పోయేది పశువు ఒక్కటే కాదు, వచ్చే ఏడాది పొడుగునా రావలసిన పాల బిల్లు కూడా.

అప్పుడు సభ్యుడు కార్యదర్శి దగ్గరకు వచ్చి అడిగే మొదటి మాట, "సర్కారు ఏమన్నా ఇస్తదా?" అని. ఇస్తుంది. అయితే ప్రతి చావుకూ ఇవ్వదు, పశువు ధర ఎంతో అంతా ఇవ్వదు, అడగవలసిన పద్ధతిలో అడగకపోతే అసలే ఇవ్వదు. ఈ మూడు సంగతులూ సభ్యులు ముందే తెలిసి ఉండడం అవసరమని తలచి ఈ పాఠం రాస్తున్నాము. సంఘ సమావేశంలో ఎవరైనా ఒకరు దీన్ని పైకి చదివి వినిపించవలసిందిగా కార్యదర్శులను కోరుతున్నాము.

ముందుగా ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాము. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు వేలాది మంది మనుషులతోపాటు లెక్కకు మిక్కిలిగా పశువులు కొట్టుకుపోయాయి. ఆ రోజుల్లో ఏ విపత్తుకు ఎంత ఇవ్వాలన్నది చాలావరకు అప్పటికప్పుడు తేలవలసిన మాటగా ఉండేది. తొమ్మిదో ఆర్థిక సంఘం సిఫారసు మీద 1990లో ప్రతి రాష్ట్రానికీ విపత్తు సహాయ నిధి ఒకటి ఏర్పడింది. 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద 2010 నుంచి అదే రాష్ట్ర విపత్తు స్పందన నిధి అయింది. మన రాష్ట్రం వంటి వాటికి ఆ నిధిలో నూటికి 75 రూపాయలు కేంద్రానివి, 25 రూపాయలు రాష్ట్రానివి. రాష్ట్రం నిధికి మించిన పెద్ద విపత్తు వచ్చినప్పుడు కేంద్ర బృందం వచ్చి చూసి పోతుంది, జాతీయ నిధి నుంచి అదనంగా ఇస్తారు.

అంటే తహసీల్దారు గారు తన ఇష్టం వచ్చినంత ఇవ్వలేరు, తగ్గించనూ లేరు. ఏ నష్టానికి ఎంత అన్నది కేంద్ర హోం శాఖ ఒక పట్టిక వేసి రాష్ట్రాలకు పంపుతుంది. ఇక్కడ ఒక మాట బాగా పట్టుకోవాలి. ఆ నిబంధనల ప్రకారం ఇది సహాయమే గాని నష్టపరిహారం కాదు. పరిహారమైతే పోయినదానికి సరిపడా ఇవ్వాలి. సహాయమంటే మళ్ళీ నిలదొక్కుకోవడానికి చెయ్యి అందించడం మాత్రమే. లక్ష రూపాయల బర్రె పోతే ముప్పై ఏడు వేలేమిటని కార్యాలయం ముందు తగాదా పడే సభ్యుడికి ఈ తేడా ముందే తెలిసి ఉంటే, ఆ మిగతా సొమ్ము కోసం ఇంకెక్కడ చూడాలో ఆలోచిస్తాడు. ఆ సంగతి తర్వాత చెబుతాము.

2022 అక్టోబరులో వచ్చిన పట్టిక 2022-23 నుంచి 2025-26 వరకు నాలుగేళ్ళకు వేసినది. దాని ప్రకారం పాలిచ్చే బర్రె లేదా ఆవు ఒక్కింటికి 37,500 రూపాయలు. గొర్రె, మేక, పంది అయితే 4,000. దుక్కిటెద్దుకు 32,000. దూడ, గాడిద వంటి వాటికి 20,000. కోడి ఒక్కింటికి 100 చొప్పున, ఇల్లు మొత్తానికి 10,000 దాటకుండా ఇస్తారు. బర్రెల కొట్టం ఇంటిని ఆనుకొని ఉండి కూలిపోతే 3,000. అంతకు ముందు, 2015 నాటి పట్టికలో పాడి పశువుకు 30,000, గొర్రెకు 3,000 ఉండేవి. ఏడేళ్ళలో పెరిగినది బర్రెకు 7,500. ఆ ఏడేళ్ళలో దాణా బస్తా ధర ఎంత పెరిగిందో సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. పట్టిక నాలుగైదేళ్ళకు ఒకసారి మారుతుంది గనుక, దరఖాస్తు పెట్టే నాటికి ఏ రేటు నడుస్తున్నదో తహసీల్దారు కార్యాలయంలో అడిగి రాసుకోవాలి.

రేటు కన్నా సభ్యులను ఎక్కువగా తికమక పెట్టేది పరిమితి. ఒక ఇంటికి పెద్ద పాడి పశువులైతే మూడింటికి, గొర్రెలు మేకలైతే 30కి, ఎడ్లయితే మూడింటికి, దూడల వంటివైతే ఆరింటికి మాత్రమే సాయం. ఇంతకన్నా ఎక్కువ పోయినా లెక్క అక్కడికే ఆగుతుంది. ఒక ఉదాహరణ తీసుకుందాము. వాగు పొంగి ఒక ఇంటి నాలుగు బర్రెలు కొట్టుకుపోయాయనుకోండి. నాలుగు ముప్పై ఏడున్నరలు లక్షా యాభై వేలు కావాలి. కాని వచ్చేది మూడింటికి, అంటే 1,12,500. అట్లాగే 50 గొర్రెలు పోయిన ఇంటికి 30 చొప్పునే కట్టి 1,20,000 ఇస్తారు. మిగిలిన 20 గొర్రెలకు పైసా రాదు.

ఈ కారణం చేతనే ఉమ్మడిగా మేపుకునే మందల విషయంలో జాగ్రత్త పడాలి. మన వైపు కురుమ, గొల్ల కుటుంబాలలో వేరుపడిన అన్నదమ్ములు తమ జీవాలను ఒకే దొడ్డిలో కట్టి ఒకే మందగా తోలుకుపోవడం మామూలే. పిడుగో వరదో వచ్చి మంద పోయినప్పుడు, పంచనామాలో అంతా పెద్దన్న పేర రాయించుకుంటే ముగ్గురి జీవాలకూ ఒక ఇంటి పరిమితే వర్తిస్తుంది. నిజంగా వేరు కాపురాలైతే, ఎవరి జీవాలు ఎన్నో వేరుగా రాయమని పంచనామా నాడే చెప్పాలి. సంతకాలయ్యాక, ఫైలు తాండూరు ఆర్డీవో కార్యాలయానికి పోయాక, దాన్ని మార్చడం ఎంత కష్టమో ఆ బెంచీల మీద కూర్చున్నవారికి తెలుసు. లేని వేరు కాపురాలను చూపించమని మేము చెప్పడం లేదు. ఆ పని చేస్తే ఒకరి వల్ల ఊరందరి దరఖాస్తులూ అనుమానంలో పడతాయి.

ఇక దేనికి ఇస్తారు అన్నది. కేంద్రం జాబితాలో 12 విపత్తులున్నాయి: తుపాను, కరువు, భూకంపం, అగ్ని ప్రమాదం, వరద, సునామీ, వడగండ్లు, కొండచరియలు విరిగిపడడం, మంచు చరియలు పడడం, మేఘ విస్ఫోటం అనే కుంభవృష్టి, చీడల దాడి, చలిగాలులు. వీటిలో సముద్రానివి, మంచు కొండలవి మనకు సంబంధం లేదు. పెద్దేముల్, తాండూరు, వికారాబాద్ వైపు పశువుకు వచ్చే ఆపదలు వేరే తీరువి. వాన గట్టిగా పడితే అనంతగిరి గుట్టల నుంచి దిగే నీరు వాగుల్లోకి ఒక్కసారి వస్తుంది. పొద్దున మోకాలి లోతున్న వాగు మధ్యాహ్నానికి బర్రెను తీసుకుపోతుంది. కోట్‌పల్లి చెరువు నిండి అలుగు పారితే దిగువన ఉన్నవారికి ఆ రాత్రి నిద్ర ఉండదు. కాగ్నా ఒడ్డు ఊళ్ళదీ అదే పరిస్థితి. రెండోది మట్టి గోడ. నాలుగు రోజులు ముసురు పట్టిన తర్వాత కొట్టం గోడ నాని కూలడం వల్ల పోయే పశువులు మన దగ్గర తక్కువేమీ కావు. మూడోది చొప్ప వామికి నిప్పు అంటుకోవడం. నాలుగోది పిడుగు. ఐదోది కరువు.

వరద, అగ్ని జాబితాలో ఉన్నాయి. గోడ కూలిన చావును అధిక వర్షం, వరద లెక్కలో చూపించవచ్చు. అందుకు గోడ ఆ వానకే కూలిందని పంచనామాలో స్పష్టంగా రాయించాలి. "గోడ కూలి మృతి" అని మూడు మాటలు రాసి వదిలిపెడితే పాతబడిన గోడ తనంతట తానే కూలిందని పైవారు అనుకోవచ్చు. "ఫలానా తేదీల వర్షానికి నాని కూలిన గోడ కింద పడి మృతి" అని రాస్తే వాననాటి లెక్కతో సరిపోతుంది.

పిడుగు పేరు 2022 నాటి కేంద్ర జాబితాలోని పన్నెండింటిలో లేదు. ఆ ఒక్క మాట విని చాలామంది దరఖాస్తే పెట్టరు. అది సరికాదు. తమ ప్రాంతంలో ఎక్కువగా వచ్చే విపత్తులను రాష్ట్రాలు స్వయంగా ప్రకటించుకొని, తమ నిధిలో పదో వంతు వరకు వాటికి ఖర్చు పెట్టుకోవచ్చునని అదే నిబంధనలు చెబుతున్నాయి. కనుక పిడుగుపాటుకు పశువు పోయినప్పుడు కూడా మిగతా వాటికి లాగానే ఆనాడే తెలియజేసి, పోస్టుమార్టం చేయించి, కాగితం చేతిలో పెట్టుకోవాలి. కాగితం ఉంటే అడగడానికి దారి ఉంటుంది.

జాబితాలో లేనివి మాత్రం ఎంత ఏడ్చినా ఈ నిధి నుంచి రావు. పాము కాటు, గొంతువాపు, గాలికుంటు, చర్మంపై గడ్డలు వేసే ముద్ద చర్మ వ్యాధి, కడుపు ఉబ్బరం, ఈనలేక పోవడం, ఇవన్నీ మామూలు మరణాల కిందికే వస్తాయి. తెగిన కరెంటు తీగ తగిలి పోతే అది విద్యుత్ సంస్థను అడగవలసిన పరిహారం. లైన్‌మన్‌కు, ఏఈకి వెంటనే తెలియజేసి, తీగ పడిన చోటు కదల్చకుండా చూపించాలి. గుట్టల అంచున చిరుతపులి పట్టుకుపోతే అటవీ శాఖను అడగాలి. అక్కడ కూడా కళేబరాన్ని కదల్చకుండా బీట్ అధికారికి చూపించడమే ముఖ్యం. ఒకచోట అడగవలసినది ఇంకొకచోట అడిగి నెలలు గడిపిన సభ్యులు ప్రతి మండలంలోనూ కనిపిస్తారు.

కరువు సంగతి కాస్త విడమరచి చెప్పాలి. 2015లో మన రాష్ట్రంలో 231 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించినప్పుడు, మనం అప్పుడున్న రంగారెడ్డి జిల్లాలో 33 మండలాలు ఆ జాబితాలో చేరాయి. కరువులో పశువు ఒక్క రోజులో చనిపోదు. ముందు పాలు తగ్గుతాయి, తర్వాత ఎదకు రావడం మానుతుంది, ఆ తర్వాత సంతకు పోతుంది. అగ్గువకు అమ్ముకున్న బర్రెకు ఏ పట్టికలోనూ రేటు లేదు. కరువులో ప్రభుత్వం చేసేది పశువుల శిబిరాలు పెట్టడం. శిబిరంలో పెద్ద పశువుకు రోజుకు 80 రూపాయలు, చిన్నదానికి 45 రూపాయలు మేత, నీరు, మందుల కింద ఖర్చు పెట్టవచ్చు. మామూలుగా 30 రోజులు, పొడిగిస్తే 60, కరువు తీవ్రమైతే 90 రోజుల వరకు నడపవచ్చు. ఆ డబ్బు సభ్యుడి చేతికి రాదు, శిబిరానికి పోతుంది.

ఇప్పుడు 80 రూపాయలు ఏపాటివో చూడండి. బర్రె ప్రాణం నిలబడడానికి వరిగడ్డో చొప్పో కాక కిలో, కిలోన్నర దాణా కావాలి. ఆ పైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఇంకొక కిలో. ఎనిమిది లీటర్లిచ్చే బర్రెకు ఐదారు కిలోల దాణా లేనిదే ఆ పాలు నిలవవు. కనుక శిబిరం బర్రెను బతికిస్తుంది గాని పాలను బతికించదు. శిబిరం ఉన్నా, ఇంటి దగ్గర చొప్ప వామి ఒకటి మిగుల్చుకోవడం పాడి రైతుకు తప్పదు. కంది పొట్టును కళ్ళంలోనే వదిలేయడం, వరిగడ్డిని పొలంలోనే కాల్చడం చూసినప్పుడు మాకు కలిగే బాధ ఇందుకే.

ఈ విషయంలో ఇతర దేశాలవారు ఏం చేస్తున్నారో ఒకటి రెండు మాటలు చెబుతాము. అమెరికాలో పశువుల పెంపకందార్లకు విపత్తు సాయం అక్కడి వ్యవసాయ చట్టంలోనే ఉంది. వాతావరణ విపత్తుకు మామూలుగా చనిపోయే సంఖ్యను మించి పశువులు పోతే, సగటు మార్కెట్ ధరలో నూటికి 75 వంతులు ఇస్తారు. కరువుకు వేరే పద్ధతి ఉంది. ప్రతి వారమూ కరువు పటం ఒకటి విడుదల అవుతుంది. ఒక కౌంటీ, అంటే మన జిల్లా వంటిది, మేత పెరిగే కాలంలో ఆ పటంలో తీవ్రమైన రంగులో వరుసగా కొన్ని వారాలుంటే, అక్కడి పచ్చిక భూముల మీద పశువులు మేపేవారికి దానంతట అదే అర్హత వస్తుంది. పశువు చావనవసరం లేదు, మేత పోతే చాలు. ఆలోచించవలసిన పద్ధతే. మన దగ్గర కరువు ప్రకటన వచ్చేసరికి సగం బర్రెలు సంత దాటిపోతాయి.

అయినా అక్కడ కూడా అంతా సాఫీగా జరగలేదు. 2013 అక్టోబరు మొదటి వారంలో దక్షిణ డకోటా రాష్ట్రం పడమటి భాగంలో ముందు చలి వాన పడి, వెంటనే పెద్ద మంచు తుపాను వచ్చింది. ఇంకా చలికాలపు బొచ్చు పెరగని పశువులు తడిసి, గాలికి కొట్టుకుపోయి వేల సంఖ్యలో చచ్చిపోయాయి. కొన్ని తమ పొలాల నుంచి మైళ్ళ దూరంలో దొరికాయి. అసలు ఇబ్బంది ఏమిటంటే, విపత్తు సాయం ఇచ్చే చట్టం గడువు అంతకు రెండేళ్ళ ముందే, 2011లో ముగిసిపోయింది. కొత్త చట్టం ఇంకా కాలేదు. అంటే ఇవ్వడానికి పథకమే లేదు. అయినప్పటికీ అక్కడి రైతులు చచ్చిన పశువులకు ఫోటోలు తీసి, వాటి మీది వాతల గుర్తులను బట్టి ఎవరివో తేల్చి, పశువైద్యుల చేత, ఇరుగుపొరుగు చేత రాయించి కాగితాలు దాచుకున్నారు. 2014 ఫిబ్రవరిలో కొత్త చట్టం వచ్చింది. 2011 అక్టోబరు నుంచి జరిగిన నష్టాలకు కూడా వర్తించేటట్లు దాన్ని చేశారు. ఏప్రిల్‌లో దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టినప్పుడు కాగితాలు దాచుకున్నవారి పని తేలిక అయింది.

మన రాష్ట్రంలోనే 2024లో ఇటువంటిది ఇంకొక రూపంలో చూశాము. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానలకు ఖమ్మంలో మున్నేరు పొంగింది. మహబూబాబాద్, సూర్యాపేట జిల్లాలూ దెబ్బతిన్నాయి. ఆ వెంటనే రాష్ట్ర ప్రభుత్వం పాడి పశువుకు 50,000, గొర్రె మేకలకు 5,000 చొప్పున సాయం పెంచుతున్నట్లు ప్రకటించింది. కేంద్రం పట్టికకు మించి ఇచ్చేది రాష్ట్రం సొంత ఖజానా నుంచే భరించాలి. రాష్ట్రం తలచుకుంటే పట్టికను దాటి ఇవ్వగలదని దీన్ని బట్టి సభ్యులు గ్రహించాలి. ఆ సంఘటన తర్వాత ఎక్కడ పశువు పోయినా, తమకు ఏ రేటు వర్తిస్తుందో తహసీల్దారును అడగడం న్యాయమే. అడిగేటప్పుడు ఆ ప్రకటన సంవత్సరం, నెల చెప్పి అడగండి. ఊరికే "ఖమ్మంలో ఇచ్చినట్టు ఇవ్వండి" అంటే పని కాదు.

ఇక పశువు పోయిన నాడు చేయవలసిన పని. తెల్లారి చూస్తే కొట్టంలో బర్రె చచ్చి పడి ఉంది. ఇల్లంతా ఏడుపు. ఎవరో ఒకరు ట్రాక్టరు తెచ్చి ఊరవతల పారేయించి వస్తారు. అక్కడితో సాయం సగం పోయినట్లే. కళేబరాన్ని కదల్చకముందే, చెవి పోగు మీది అంకెలు కనిపించేటట్లు, చుట్టూ కూలిన గోడో నీరో కనిపించేటట్లు సెల్‌ఫోనుతో నాలుగు ఫోటోలు తీయాలి. అప్పుడే పంచాయతీ కార్యదర్శికి, గ్రామ రెవెన్యూ పనులు చూసే అధికారికి, మండల పశువైద్యాధికారికి ఫోను చేయాలి. ఫోను మీదనే ఆగకుండా, అదే రోజు తెల్లకాగితం మీద రాసిన అర్జీ ఒకటి తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర మీద తేదీ ఉంటుంది. ఆరు నెలల తర్వాత "మీరు ఆలస్యంగా తెలిపారు" అనే మాట వస్తే, దానికి జవాబు ఆ ముద్ర ఒక్కటే.

పశువైద్యాధికారి పోస్టుమార్టం చేసి ధ్రువపత్రం ఇస్తారు. గిర్దావర్ లేదా వారి తరఫు వచ్చినవారు ఊరి పెద్దల సమక్షంలో పంచనామా రాస్తారు. ఈ రెండింటిలోనూ పశువు వయసు, ఈత, పాలిచ్చేదా చూడిదా అన్నది రాయించడం మరిచిపోకూడదు. ఎందుకంటే ఆర్థికంగా ఉపయోగపడే పశువులకే సాయం పరిమితం చేయవచ్చునని పట్టికలో ఒక మాట ఉంది. ఒట్టిపోయిన బర్రె అని ఒక్క మాట రాస్తే అనుమానం వస్తుంది. అదే బర్రె ఏడు నెలల చూడిది అయితే ఇంకో మూడు నెలలకు పాలిచ్చేదే గదా! ఆ సంగతి కాగితం మీద ఉండాలి. పరీక్ష చేసి చూడి నిర్ధారించిన చీటీ ఇంట్లో ఉంటే జత చేయాలి.

వరదలో కొట్టుకుపోయిన పశువు కళేబరం దొరకకపోతే పోస్టుమార్టం ఎట్లా? అప్పుడు మిగిలేవి పంచనామా, ఇరుగుపొరుగు వాఙ్మూలం, ఆ పశువు మీ ఇంట్లో ఉండేదని చెప్పే పాత కాగితాలు. ఇక్కడే మన సంఘం ఉపయోగపడుతుంది. సంఘం రిజిస్టరులో ఫలానా సభ్యురాలు రోజూ ఉదయం ఆరు, సాయంత్రం నాలుగు లీటర్లు పోస్తున్నట్లు, ఫలానా తేదీ నుంచి రెండు లీటర్లకు పడిపోయినట్లు ఉంటుంది. ఆ ఇంట్లో పాలిచ్చే పశువు ఉండేదని, ఆ తేదీన పోయిందని చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఏముంటుంది? కార్యదర్శి ఆ పేజీలకు నకలు తీసి, సంఘం ముద్ర వేసి, అధ్యక్షుడి సంతకంతో ఇవ్వాలి. దీనికి ఖర్చు ఏమీ లేదు. కాని రిజిస్టరు రోజూ రాసి ఉండాలి. నెలాఖరున ఒక్కసారి కూర్చొని గుర్తున్నంత వరకు నింపే రిజిస్టరు ఏ అధికారి ముందూ నిలవదు.

చెవి పోగు గురించి. 12 అంకెల పసుపు పచ్చ పోగు వేయించుకుంటే బర్రెకు చెవి పుండు పడుతుందని, పాలు తగ్గుతాయని కొందరు ఇంకా అంటున్నారు. వేసిన మొదటి రెండు రోజులు కాస్త నొప్పి ఉంటుంది, అంతే. గాలికుంటు టీకాల సమయంలో పోగు వేసి, యజమాని పేరు, పశువు వివరాలు ప్రభుత్వ లెక్కలో ఎక్కిస్తారు. పోగు ఊడిపోతే మళ్ళీ వేయించుకోవాలి. సంతలో బర్రెను కొన్నప్పుడు పోగు పాత యజమాని పేరనే ఉండిపోతుంది. ఇంటికి తెచ్చిన వారంలోనే పశువైద్యశాలకు పోయి మీ పేరుకు మార్పించుకోండి. మీరు కొన్న బర్రె చచ్చిపోతే, లెక్కలో అది కొడంగల్ వైపు వారెవరిదో అని కనిపించడం కన్నా చికాకు ఇంకొకటి లేదు.

పేర్ల పొంతన కూడా చూసుకోవాలి. చాలా ఇళ్ళలో సంఘం పాసు పుస్తకం ఇల్లాలి పేర, చెవి పోగు ఇంటాయన పేర, బ్యాంకు ఖాతా కొడుకు పేర ఉంటాయి. సాయం నేరుగా బ్యాంకు ఖాతాకే వస్తుంది. మూడూ ఒకే ఇంటివని తేల్చేసరికి ఒక ఆర్థిక సంవత్సరం గడిచిపోతుంది. మా అభిప్రాయంలో పాలు పోసేది, బర్రెను చూసుకునేది ఇల్లాలే గనుక, పోగు, ఖాతా రెండూ ఆమె పేరనే ఉంచడం మేలు. ఇంటాయనలకు ఇది నచ్చకపోవచ్చు, అయినా ఆలోచించగలరు.

పశువైద్యాధికారి ఆ రోజు రాలేకపోతే ఎంతసేపు ఆగాలి? వరద రోజుల్లో ఒక డాక్టరు పది ఊళ్ళు తిరగవలసి వస్తుంది. ఎండ కాసే రోజుల్లో ఒక రోజుకు మించి ఆపితే మిగతా పశువులకూ, మనుషులకూ ప్రమాదం. అప్పుడు డాక్టరుకు ఫోనులో చెప్పి, వారు సరేనన్న తర్వాత, ఫోటోలు తీసి, పంచనామా రాయించి, ఆరడుగుల లోతు గోతిలో సున్నం వేసి పూడ్చాలి. చెవి పోగు ఉన్న ముక్కను మాత్రం తీసి దాచాలి. వాగులోనో బావిలోనో పారవేయడం ఎంత మాత్రం పనికిరాదు.

ముందు చెప్పిన మిగతా సొమ్ము సంగతికి వద్దాము. 80 వేల బర్రెకు 37,500 వచ్చినా మిగిలిన 42,500 ఎవరిస్తారు? బీమా ఇస్తుంది. ప్రభుత్వ సాయం జాబితాలోని విపత్తులకే వస్తుంది. బీమా జబ్బుతో పోయినా, పాము కరిచినా, ఈనలేక పోయినా వస్తుంది. సాయం దయ మీద ఆధారపడినది, బీమా ఒప్పందం మీద. 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం జాతీయ పశుసంపద మిషన్‌లో మార్పులు చేసి, పశువుల బీమాలో రైతు కట్టవలసిన వాటాను ప్రీమియంలో 15 శాతానికి తగ్గించింది. మిగిలినది కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి. ప్రీమియం వెయ్యి రూపాయలైతే సభ్యుడు కట్టేది 150. ఈ పథకం మన మండలంలో ఎప్పుడు తెరుస్తారో పశువైద్యాధికారిని అడిగి, గడువు లోపల సంఘం సభ్యుల పేర్లన్నీ ఒకే జాబితాగా ఇవ్వడం మంచిది. ఒక్కొక్కరుగా పోతే కొందరు పోనే పోరు. బీమాకు కూడా చెవి పోగే ప్రాణం. పోగు చూపించలేని చావుకు బీమా కంపెనీ డబ్బు ఇవ్వదు.

వానాకాలం మొదలు కాకముందే ప్రతి సంఘం ఒక పూట ఈ పని పెట్టుకోవచ్చు. పాలు పోయడానికి వచ్చిన ప్రతి సభ్యుడి నుంచి బర్రెలెన్ని, చెవి పోగు అంకెలేమిటి, ఖాతా ఎవరి పేర ఉన్నది, కొట్టం మట్టిదా రేకులదా అని అడిగి ఒక నోటు పుస్తకంలో రాయాలి. ఫోనున్నవారి చేత ఒక్కొక్క బర్రెకు ఒక ఫోటో తీయించి దాచమని చెప్పాలి. పశువైద్యాధికారి, పంచాయతీ కార్యదర్శి, తహసీల్దారు కార్యాలయం, సంచార పశువైద్య వాహనం పిలిచే 1962 నంబర్లను పాల కేంద్రం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. గోడ మీద రాసేటప్పుడు రంగు కాస్త మంచిది వాడండి. సున్నం మీద రాసినది మొదటి వానకే కరిగిపోతుంది.